పారేసినవన్నీ పెదనాన్నవి

ఇవాళ మధ్యాహ్నం మా ఆయన భోజనానికి వచ్చి, కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చోబోతూ, చాప మీదున్న పిల్లాణ్ణి చూసి ఆగిపోయారు. వాడికి పళ్ళొస్తున్నాయి. చేతికందిందల్లా చిగుళ్ళ మధ్య పెట్టి నూరుతున్నాడు. అప్పుడు వాడి నోట్లో ఉన్నది జానెడు పొడుగు కొయ్యబొమ్మ, పరికిణీ కట్టుకున్న ఆడపిల్ల. పరికిణీ కుచ్చెళ్ళు వాడి నోట్లోనూ తల బయటా ఉన్నాయి. ఈయన వంగి, ఆ తలని రెండు వేళ్ళతో తనవైపు తిప్పుకుని, కాసేపు చూసి, పకపకా నవ్వారు. "ఇది నువ్వే! అచ్చు నువ్వే!" అన్నారు. నేనెందుకవుతానన్నాను. ఆ బొమ్మపిల్లకి కనుబొమలు పైకి లాగి ఉంటాయి. పెదాలు బిగబట్టి ఉంటాయి. ఒక చెయ్యి చెంపకి ఆనించుకుని, అటక మీదనుంచి ఏదో ఇప్పుడే దొర్లిపడబోతోంది అన్నట్టు పక్కకి చూస్తూ ఉంటుంది. నాకు అలాంటి ముఖం లేదు. ఆ మాటే అన్నాను. "ఇప్పుడు పెట్టావే, అదే" అని ఆయన అన్నంలో చెయ్యి పెట్టారు.

ఆ బొమ్మ ఎప్పటినుంచో నా దగ్గరే ఉంది. నర్సారావుపేటలో చదువుకున్నప్పుడు ట్రంకుపెట్టె అడుగున, గుంటూరు కాలేజీలో పుస్తకాల వెనక, పెళ్ళయ్యాక ఈ విజయపురి క్వార్టర్సులో వంటింటి గూట్లో. పిల్లాడి చేతికి ఇచ్చే ముందు దాన్ని ఒకటికి రెండుసార్లు నీళ్ళలో వేసి మరిగించాను. డ్యాము పనికి రాళ్ళు పేల్చినప్పుడల్లా ఇక్కడ కిటికీ తలుపులు అదురుతాయి, పిల్లాడు ఉలిక్కిపడతాడు, వాడు ఉలిక్కిపడతాడేమోనని నేను ముందే ఉలిక్కిపడతాను. ఇప్పుడు వాడు నిద్రపోయాడు. బొమ్మ ఉతికిన గుడ్డ మీద ఆరుతోంది. అది ఎవరి పోలికో ఇన్నేళ్ళుగా నేను ఆలోచించనే లేదు. ఎవరు చెక్కారో, దేన్ని చెక్కారో, దానికి ముందు మా ఇంట్లో ఎంత రభస జరిగిందో మాత్రం బాగా తెలుసు.

అవి యుద్ధం రోజులు. మా నాన్నది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. నా చదువు పాడవుతుందని నన్ను గురజాల దగ్గర పల్లెలో, తన అన్న ఇంట్లో వదిలారు. పెదనాన్న పెద్ద కమతం ఉన్న రైతు. ఆయన గొంతు వీధి ఈ చివర లేస్తే ఆ చివర ఎద్దులు చెవులు నిక్కించేవి. పొద్దు పొడవకముందే చేలన్నీ చుట్టి వచ్చి, ఎవరి చేలో ఎన్ని కలుపుమొక్కలున్నాయో వాళ్ళకంటే ముందు తనే చెప్పే మనిషి. అలాంటి మనిషికి, కందికట్టె బండి వాగు దాటబోయి తిరగబడి, కాలు విరిగింది. నాటు వైద్యుడు ఆకు పసరు పోసి, వెదురు బద్దలు వేసి కట్టు కట్టాడు. ఎముక అతుక్కుంది గానీ కాస్త పక్కచూపు చూస్తూ అతుక్కుంది. ఇక చేలగట్ల మీద నడవటం కుదరలేదు. నులకమంచం అరుగు మీదికి వచ్చింది, మంచం మీదికి పెదనాన్న వచ్చాడు, వ్యవసాయం అంతా అరుగు మీదినుంచే మొదలైంది. "ఒరేయ్, ఎటురా పోయేది? జొన్న కోశారా? ఎందుకు కొయ్యలా? ఎవడు చెప్పాడు ఆగమని?" దారినపోయేవాళ్ళు కొన్నాళ్ళు నిలబడి జవాబిచ్చారు. తరవాత మా ఇంటి ముందునుంచి కాకుండా వెనక సందులోంచి పోవటం మొదలుపెట్టారు. దాంతో ఆయనకి మిగిలింది పెద్దమ్మ ఒక్కతే.

పెద్దమ్మ చానాళ్ళు ఓర్చుకుంది. చివరికి ఒక రోజు కమ్మరి చేత విరిగిన కొడవలి ముక్కతో చిన్న కత్తి చేయించి, ఒక కందికట్టెతో సహా ఆయన ఒళ్ళో పడేసింది. "కాసేపు నోరు మూసుకుని ఇది చెక్కు. నా చెవులు చిల్లులు పడతన్నయ్" అంది. మా ఇంట్లో తరవాత జరిగినదానికంతా మూలం ఆ ఒక్క మాటే. ఆమెకి ఆ సంగతి ఎవరన్నా గుర్తుచేస్తే ఊరుకునేది కాదు.

మొదట ఆయన మేకులు చెక్కాడు, పశువుల పలుపులకు బిరడాలు చెక్కాడు. ఒకనాడు కందికట్టె చివర కొంగ తల వచ్చింది. ఆ కొంగని చూసి తనే ఆశ్చర్యపోయి మమ్మల్నందర్నీ పిలిచి చూపించాడు. ఆ తరవాత ఆయన్ని ఆపటం ఎవరి తరమూ కాలేదు. అరుగు మీద కూర్చున్నంత మేర చెక్కుపొట్టు. జొన్నన్నంలో పొట్టు, మజ్జిగలో పొట్టు. ఇంత జరిగినా పెద్దమ్మ ఊరుకునేది గానీ, ఒక పూట ఆమె పప్పు కలపబోతే కొయ్యగరిటె కాడకి బాతు ముక్కు ఉంది. కళ్ళు కూడా ఉన్నాయి. చుట్టాలు పంక్తిలో ఉన్నారు, మరో గరిటె లేదు. ఆ పూట అందరికీ పప్పు బాతే వడ్డించింది. చుట్టాలు వెళ్ళాక పెద్దమ్మ ఆ గరిటె పట్టుకుని అరుగు మీదికి వచ్చింది. పక్కింటి అత్త పిట్టగోడ అవతల సాక్షిగా నిలబడింది. ఆమె చుట్టం కాదు, వరసకి పిలుచుకోవటమే. మా ఇంట్లో ఏది జరిగినా ఆ గోడ అవతల ఆమె ఉండేది.

"చూడయ్యా," అంది పెద్దమ్మ, "ఇంకొక్కసారి వాడకంలో ఉన్న వస్తువు మీద నీ కత్తి పడిందా, ఆ కత్తి తీసుకుపోయి నాగులేట్లో పారేస్తా. మా పుట్టింటోళ్ళ మీద ఒట్టు."

పెదనాన్న కూడా తక్కువ తినలేదు. "సరే. వాడకంలో ఉన్నది నేను ముట్టను. పారేసిందైతే మాత్రం నాది. పారేసినవన్నీ నావి. వాటి జోలికి నువ్వు రాగూడదు."

"అట్టాగే" అంది పెద్దమ్మ. అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకుందో ఆయనకి నాలుగు రోజులు పోయాక గాని అర్థం కాలేదు. మా పెద్దమ్మ ఇంట్లో పారేసింది అనే వస్తువే లేదు.

ఇది ఎక్కువ చేసి చెబుతున్నది కాదు. చేట చిరిగితే దానికి మెంతిపిండి, కాగితం గుజ్జు పూసి, దాని మీద వడియాలు ఆరబెట్టేది. కుండ పగిలితే అడుగు కోళ్ళకి నీళ్ళ మూకుడయ్యేది, మెడ బిందె కింద కుదురయ్యేది, మిగిలిన పెంకులు దంచితే పళ్ళెం తోముకునే పొడి. చీర చిరిగితే బొంత, బొంత చిరిగితే మసిగుడ్డ, మసిగుడ్డ చిరిగితే దీపం ఒత్తి. కొబ్బరితాడు చివర పోగులు కూడా గిన్నెలు తోమటానికి ముడేసి పెట్టేది. యుద్ధం రాకముందు ఆమెని పిసినారి అన్నవాళ్ళే, కిరసనాయిలూ గుడ్డా ఇనుమూ దొరక్కుండా పోయాక ముందుచూపున్న మనిషి అనటం మొదలుపెట్టారు. ఆ యుద్ధం ఎక్కడ జరుగుతోందో, ఎవరికీ ఎవరికీ మధ్య జరుగుతోందో పెద్దమ్మ పట్టించుకోలేదు గానీ, అది తన పక్షాన ఉందని మాత్రం గట్టిగా నమ్మింది.

అందుకని రోజూ చద్దన్నాలయ్యాక అరుగు మీద కచేరీ జరిగేది. పెదనాన్న ఇల్లంతా కర్రపోటు మీద తిరిగి ఏరుకొచ్చిన సామాను మంచం మీద పరిచేవాడు. పెద్దమ్మ చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, ఎడమచెయ్యి నడుం మీద వేసి, కుడిచెయ్యి చాచి "ఏదీ, ఇటియ్యి" అనేది. ఒక్కొక్కటీ వెలుగులోకి తిప్పి చూసేది.

"ఇదేంది?"

"బండిచక్రం ఆకుకర్ర. మధ్యకి పగిలింది. దీంతో చక్రం కట్టలేరు."

"చక్రం ఎవరు కట్టమన్నారు? బీరపాదుకి గుంజయిద్ది."

బండి ఆకు బీరపాదుకి వెళ్ళేది.

"ఇది?"

"మా నాయన పావుకోడు. ఒంటిది. ఎవరూ తొడుక్కోటానికి లేదు."

"రెండోది ఏమయింది?"

"రెండోది కుక్క ఎత్తుకుపోయిందిగదే, మా నాయన ఉన్నప్పుడే!"

పెద్దమ్మ కాసేపు ఆలోచించి, "ఏమో, తెచ్చినా తెచ్చిద్ది" అని ఒంటి పావుకోడు గూట్లో పెట్టేసింది. ఆ కుక్క పోయి అప్పటికి ఎన్నేళ్ళయిందో ఊళ్ళో ఎవరికీ జ్ఞాపకం లేదు.

ఇంట్లో గింజ కూడా రాలదని తేలాక పెదనాన్న ఊరి మీద పడ్డాడు. పక్కింటి అత్త మొదటి దాత. నాలుగు పళ్ళు మిగిలిన కొయ్యదువ్వెన గోడ మీదినుంచి అందించి, "తీసుకో అన్నయ్యా, పొయ్యిలో పెడదామనుకుంటన్నా" అంది. పెదనాన్న దువ్వెన వెన్ను మీద ముక్కూ కళ్ళూ చెక్కాడు, ఆ నాలుగు పళ్ళనీ నోట్లో పళ్ళుగా వదిలేశాడు. అంతే, దువ్వెనలో అత్త నవ్వుతూ నిలబడింది. చూసినవాళ్ళు చూసినట్టు పొట్ట పట్టుకున్నారు. అత్త కూడా నవ్వి, "ఎవరిదన్నయ్యా ఈ ఇకిలింపు? మునసబు గారి భార్యా?" అంది. తరవాత మునసబు గారింట్లో అరిగిపోయిన తలుపుగడియ వచ్చింది. అడ్డంగా పడుకుని, గడ్డం పొట్ట మీద ఆనించి గుర్రుపెట్టే మునసబు గారు అందులోంచి బయటికొచ్చారు. ఆయన చూసి మెచ్చుకుని, "కరణాన్ని బాగా పట్టావోయ్" అన్నారు. పెదనాన్న బొమ్మల్లో ఉన్న చిత్రం అదే. ఊరందరూ ఎదుటివాళ్ళని ఆమడ దూరంనుంచి గుర్తుపట్టేవాళ్ళు. తమది వచ్చేసరికి మాత్రం అదెవరో వేరే మనిషి.

కానీ అలా ఎంతకాలం సాగుతుంది? ఆ దువ్వెన మొహం ఎవరిదో అత్త చెవిలో ఎవరో వేశారు. ఆమె మా గోడ దగ్గరికి రాకుండా కొన్నాళ్ళు ఉండగలిగింది. పాపం, అది ఆమెకెంత కష్టమయి ఉంటుందో ఇప్పుడు ఆలోచిస్తుంటే జాలేస్తుంది. ఊళ్ళో మిగతావాళ్ళు జాగ్రత్తపడ్డారు. విరిగిన పీటకోడు, అరిగిన తెడ్డు, ఏదైనా సరే బయటికి రాకుండా పొయ్యిలోకి పోయేది. మా వీధి పెంటదిబ్బ అంత శుభ్రంగా ఏ ఊళ్ళోనూ చూడలేదు. పెదనాన్న కత్తి మొలలో పెట్టుకుని కూర్చునేవాడు. చెక్కటానికి ఏమీ లేదు. కాకుల్ని తిట్టేవాడు, కాసేపటికి అదీ మానేసేవాడు. కంచం ముందు కూర్చుని సగం తిని లేచేవాడు. ఆ గొంతు లేకపోయేసరికి ఇల్లు పాడుబడ్డట్టుండేది. వెనక సందులోంచి పోయేవాళ్ళు మళ్ళీ ముందు వీధిలోంచే పోతున్నారు, ఆయన వాళ్ళని ఏమీ అడగట్లేదు. పెద్దమ్మ ఇదంతా చూడనట్టే తిరిగేది.

అప్పటికి అక్కకి, అంటే వాళ్ళ ఒక్కగానొక్క కూతురికి, మాచర్ల వైపు సంబంధం కుదిరింది. ఇల్లంతా సున్నాలూ అలుకులూ. ఆ హడావిడిలో పెదనాన్న మంచం గొడ్లసావిట్లోకి మారింది. సావిట్లో, కుడితి తొట్టి వెనక మూలన, ఆయన కంటికి ఒక రోకలి కనిపించింది. నల్లటి చండ్రకర్ర రోకలి. అడుగున ఉండాల్సిన ఇనపకట్టు, పొన్ను, లేదు. ఒళ్ళంతా సాలెగూడు. పొన్ను ఊడిన రోకలి రోకలి కాదు, ఒట్టి దుంగ. ఇక సాలెగూడు ఎన్నాళ్ళనుంచి ఎవరూ ముట్టలేదో చెబుతూనే ఉంది. పారేసిందనటానికి ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాడు ఆయన. కచేరీకి తీసుకొస్తే పెద్దమ్మ దాన్ని గేదెకి గుంజగా పాతుతుందని తెలుసు కాబట్టి తీసుకురాలేదు. పెళ్ళిపనుల సందట్లో రోజూ మధ్యాహ్నం సావిడి తలుపు దగ్గరికి వేసుకుని లోపల ఏదో చేసేవాడు. కంచంలో అన్నం మళ్ళీ పూర్తిగా తినటం మొదలుపెట్టాడు. నేను వెళ్ళి తొంగిచూస్తే పంచె కప్పేసి, "గేదెకి జ్వరం, పో అవతలికి" అనేవాడు. గేదె నన్ను చూసి నిక్షేపంగా నెమరువేసేది.

పసుపు దంచే రోజు వచ్చింది. పెళ్ళికి ముందు మంచిరోజు చూసి ముత్తైదువలు పసుపుకొమ్ములు దంచటం అందరిళ్ళలోనూ ఉన్నదే. రోలు కడిగి సున్నం బొట్లు పెట్టారు. వీధిలో ఆడవాళ్ళంతా వచ్చారు. అత్త కూడా పాత సంగతి మరిచిపోయి అందరికంటే ముందు వచ్చింది. కమ్మరి ముంగిట్లో కూర్చున్నాడు. పెద్దమ్మ తన పెట్టె తీసి, గుడ్డలో చుట్టిన ఇనప పొన్ను ఒకటి కమ్మరి చేతిలో పెట్టి, నాతో, "అమ్మాయ్, సావిట్లో కుడితి తొట్టి వెనక చండ్రరోకలుంటది, పట్టుకురా" అంది. వెళ్ళాను. తొట్టి వెనక సాలెగూడు వేళ్ళాడుతోంది గానీ రోకలి లేదు. వచ్చి లేదన్నాను.

"లేకపోవటమేంది? దానికి కాళ్ళొచ్చినయ్యా?"

అరుగు మీద పెదనాన్న నోట్లో చుట్ట అలాగే ఉండిపోయింది. "ఏ రోకలే?" అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా రావటం నేను అదే వినటం.

"మీ అమ్మ రోకలి. నన్ను ఈ ఇంటికి తెచ్చుకున్నప్పుడు ఇక్కడ పసుపు దంచింది దాంతోనేగా."

"దానికి పొన్ను లేదుగదా?"

"ఎట్టా ఉంటది? పిల్ల పుట్టిన ఏడు నేనే తీయించి పెట్టెలో దాస్తిని. పొన్నుంటే ఎవరో ఒకరు కారం దంచరూ? ఆడపిల్ల పుట్టినాక పెళ్ళిరోకలి పొన్ను తీసి మూలన పెట్టటం ఈ ఇంటి ఆనవాయితీ. మీ అమ్మ నాకు చెప్పిందే."

ఆ సంగతి ఆయనకి పెద్దమ్మ చెప్పలేదు, వాళ్ళమ్మ పెద్దమ్మకి చెప్పినప్పుడూ ఆయన ముందు చెప్పి ఉండదు. ఊళ్ళో ఏ గేదె ఏ నెలలో ఈనిందో చెప్పగల పెదనాన్నకి, తన ఇంటి సావిట్లో మూలన నిలబడ్డది కూతురి పెళ్ళి కోసం ఎదురుచూస్తున్న రోకలి అని తెలియదు. అది ఆడవాళ్ళ సంగతి. మగవాళ్ళు అడగరు, ఆడవాళ్ళు చెప్పరు. ఆయన కర్ర పోటేసుకుంటూ దొడ్లోకి వెళ్ళి, గడ్డివాము వెనకనుంచి పంచెలో చుట్టిన రోకలి తెచ్చి రోటి పక్కన నిలబెట్టి, పంచె విప్పాడు.

రోకలి కింది సగం ఎలా ఉన్నదో అలాగే ఉంది. పై సగంలో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. కొంగు బొడ్లో దోపుకుని, కొప్పు బిగించి, రూపాయంత బొట్టుతో, ఎడమచెయ్యి నడుం మీద వేసుకుని, కుడిచెయ్యి చాచి "ఏదీ, ఇటియ్యి" అంటోంది.

ఆడవాళ్ళంతా ఒకసారి బొమ్మనీ ఒకసారి పెద్దమ్మనీ చూశారు. అత్త మాత్రం ఎంత ఆపుకున్నా ఆగలేదు. "ఓలమ్మో, వదినా, ఇది నువ్వే! ఆ కొప్పు చూడు! ఆ చెయ్యి చూడు! ఇప్పుడు నా దువ్వెన కూడా లాక్కునేటట్టుంది!" అంటూ రోటి పక్కనే కూలబడి నవ్వింది. దాంతో ముత్తైదువలంతా కొంగులు నోట్లో కుక్కుకున్నారు. అక్క మాత్రం నవ్వలేదు. తన పెళ్ళి రోకలికి ఇలా జరిగిందేమిటని కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. పెద్దమ్మ బొమ్మని పైనుంచి కిందికి చూసింది, కిందినుంచి పైకి చూసింది.

"ఇదెవరు?" అంది.

ఆ మాటకి నవ్వు ఇంకా పెద్దదయింది. పెద్దమ్మ తల తిప్పకుండా పెదనాన్న ముందుకి చెయ్యి చాచింది. అచ్చం బొమ్మ చాచినట్టే. "కత్తి" అంది. ఆయన మొలలోంచి తీసి రోటి అంచు మీద పెట్టాడు. ఆమె దాన్ని కొంగున ముడేసుకుంది.

ఇక ఈ రోకలి పనికొస్తుందా రాదా అని గుసగుసలు మొదలైనాయి. మనిషి రూపం చెక్కిందాంతో పసుపు దంచొచ్చా, దోషమేమో, ఇంకో ఇంటినుంచి తెద్దామా అన్నారు. పక్కింటి అత్తకి అత్తగారు, ఊళ్ళో అందరికీ అమ్మమ్మ వరస, మూలనుంచి కసిరింది. "మంచి గడియ దాటిపోయిద్ది. రోకలికి కావాల్సింది అడుగే, తలతో మనకేం పని? అడుగు బాగుంది. పొన్నెక్కించండి." కమ్మరి పొన్నెక్కించాడు. అమ్మమ్మే మొదటి పోటు వెయ్యటానికి రోకలెత్తి, బొమ్మ నడుం దగ్గర పట్టు చూసుకుని, "పిడికిలికి భలే కుదిరిందే!" అంది. అంతవరకూ అందరి రోకళ్ళూ చేతిలో జారేవి, ఇది జారలేదు. ముత్తైదువలు పాట ఎత్తుకున్నారు. ఒక్కొక్కరూ నడుం పట్టుకుని ఎత్తుతుంటే మా పెద్దమ్మ గాల్లోకి లేచేది, "ఏదీ, ఇటియ్యి" అని చెయ్యి చాచుకుంటూ రోట్లోకి దిగేది. పాట సగంలో నవ్వు వచ్చి ఆగిపోయేది. చివర పెళ్ళికూతురి తల్లిగా పెద్దమ్మ వంతు. ఆమె తన నడుం తనే పట్టుకుని, ఎవరివంకా చూడకుండా, కొమ్ములన్నీ పిండయ్యేదాకా దంచింది. అక్క కూడా అప్పటికి నవ్వింది. పసుపు ఎగిరి బొమ్మ మొహమంతా పడింది.

పెళ్ళి బాగా జరిగింది. వియ్యపురాలు ఆ రోకలి చూసి ముచ్చటపడి మాకూ ఒకటి చేయించండి అంటే, పెద్దమ్మ "ఆయనకి కత్తి లేదమ్మా" అంది. పెళ్ళివారు వెళ్ళాక అత్త గోడ మీదనుంచి, "ఒట్టు పెట్టుకున్నావు వదినా, అదీ పుట్టింటోళ్ళ మీద. మీ తమ్ముడికేమన్నా అయితే?" అని గుర్తుచేసింది. పెద్దమ్మ ముఖం చిన్నబోయింది. ఆమెకి ఒక్కడే తమ్ముడు. అయితే అవి ఎండలు. నాగులేట్లో ఇసక తప్ప చుక్క నీరు లేదు. పారెయ్యటమంటే నీళ్ళలో పారెయ్యటం. "వాగు రానీ" అంది.

ఆ ఏడు పల్నాడు మొత్తంలో వానకి భయపడిన రైతు మా పెదనాన్న ఒక్కడే. ఊరంతా ఆకాశంవైపు ఆశగా చూస్తుంటే ఆయన దొంగచూపు చూసేవాడు. "మబ్బు పట్టిందయ్యో, ఇయ్యాలో రేపో పడిద్ది" అని ఎవరన్నా సంతోషంగా చెబితే, "నీ నోరు పడ, నీకెవరు చెప్పార్రా?" అనేవాడు. మళ్ళీ తన చేలు గుర్తొచ్చి, లెంపలేసుకుని, "పడాలి, పడాలి" అనేవాడు. ఆ కత్తి కోసం ఒక్కసారి కూడా అడగలేదు. గోటితో మంచంకోడు మీద గీతలు గీస్తూ కూర్చునేవాడు.

వాన పడింది. వాగు వచ్చింది. తెల్లారి పెద్దమ్మ నన్ను వెంటబెట్టుకుని నాగులేటికి బయల్దేరింది. అరుగు మీద పెదనాన్న మేము వెళ్ళటం చూసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎర్రటి కొత్తనీరు మధ్యలో ఉరవడిగా పోతోంది. ఒడ్డున మాత్రం చీలమండ తడిసేటంత ఉంది. పెద్దమ్మ కొంగు ముడి విప్పింది. కత్తిని అరిచేతిలో పెట్టుకుని, తూర్పుకి తిరిగి వాళ్ళ తమ్ముడి పేరు చెప్పి ఏదో గొణుక్కుంది. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. ఎంత దూరం విసురుతుందో అనుకున్నాను. ఆమె చెయ్యి ఇలా ముందుకి చాచి, వేళ్ళు విడిచింది. కత్తి తన కాళ్ళ ముందు బుడుంగున పడింది. పిడి పైకి కనిపిస్తూనే ఉంది.

"పారేశాగా?" అని నన్నడిగింది.

"పారేశావు."

"నాగులేట్లోనేగా?"

"నాగులేట్లోనే."

"చూశావుగా?"

"చూశా."

పెద్దమ్మ అటూ ఇటూ చూసి, చీర కాస్త పైకి దోపి, వంగి కత్తి తీసుకుంది. కొంగుతో తడి తుడిచి, "పద" అంది. ఇంటికొచ్చాక తిన్నగా అరుగు ఎక్కి మంచం మీద, ఆయన వీపు పక్కన, కత్తి పెట్టింది. పెదనాన్న ఇటు తిరిగి చూసి బిత్తరపోయాడు.

"ఏంది, పారెయ్యలా?"

"పారేశా. పిల్ల సాక్షి. పారేసినవన్నీ నీవేనంటివిగా, వాటి జోలికి నన్ను రావొద్దంటివిగా."

ఆయన కత్తి చేతిలోకి తీసుకుని, బొటనవేలితో అంచు పదును చూశాడు. పెద్దమ్మ గడప దాటి లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి వంటింట్లోంచి గొంతు వినిపించింది. "ముక్కు మాత్రం నాకు అంత పొడుగు లేదు."

పెదనాన్న నావైపు చూశాడు. తన బొమ్మని తను గుర్తుపట్టిన మనిషి ఆ ఊళ్ళో ఆమె ఒక్కతే. రోటి దగ్గర అంతమంది ముందు ఎవరని అడిగినప్పుడే ఆమెకి తెలుసన్నమాట.

అంతటితో అయిపోలేదు. ఆ తరవాత ఒకనాడు పొద్దున్నే పెద్దమ్మ కవ్వం పట్టుకుని వీధిలోకి వచ్చింది. ముందురోజు దాకా మజ్జిగ చిలికిన కవ్వం. అడుగున పువ్వు రేకొక్కటి చెదరలేదు, కాడకి గాటు లేదు. పెదనాన్న మంచం ముందునుంచే నడిచి, పెంటదిబ్బ మీద దాన్ని గిరాటేసి, "పగిలింది" అని గాలికి చెప్పి, వెనక్కి వచ్చేసింది. పగిలిన కుండమెడని కుదురు చేసిన మనిషి! గోడ అవతల అత్త, "వదినకి ఒంట్లో బాగుందా?" అని నన్ను మెల్లగా అడిగింది. పెదనాన్న కర్ర అందుకుని, కుంటుకుంటూ, ఆ పొద్దున వీధిలో అందరికంటే వేగంగా పెంటదిబ్బకి వెళ్ళాడు.

ఆ కవ్వమే ఈ బొమ్మ. కవ్వం పువ్వు రేకులు పరికిణీ కుచ్చెళ్ళయినాయి, కాడ నడుమూ మెడా తలా అయింది. నన్ను నర్సారావుపేట హైస్కూలుకి పంపిస్తున్న రోజున, బండి ఎక్కాక చేతిలో పెట్టాడు. ఎవరిది పెదనాన్నా అంటే, "తెలిసిద్దిలే, తొందరేముంది" అన్నాడు. బండి కదిలాక గొంతెత్తి, ఎద్దుల్ని ఎట్టా తోలాలో బండివాడికి మలుపు తిరిగేదాకా చెబుతూనే ఉన్నాడు.

ఇప్పుడు పెదనాన్న లేడు. పెద్దమ్మ మాచర్లలో అక్క దగ్గర ఉంటోంది. రోకలీ అక్కడే ఉంది. అక్కకి కిందటేడు ఆడపిల్ల పుట్టింది కాబట్టి దాని పొన్ను తీసి పెట్టెలో దాచారు. రోకలి మీది పెద్దమ్మ మూలన నిలబడి, చెయ్యి చాచి, మళ్ళీ పసుపుకొమ్ముల కోసం ఎదురుచూస్తోంది.

ఇందాక రాయటం ఆపి, దీపం కాస్త పెంచి, పిల్లాడి నుదురు వెచ్చగా ఉందేమోనని చెయ్యి పెట్టి చూశాను. ఏమీ లేదు, చల్లగానే ఉంది. లేవబోతూ గోడ మీది అద్దంలో నా ముఖం చూశాను. కనుబొమలు పైకి లాగి ఉన్నాయి, పెదాలు బిగబట్టి ఉన్నాయి, రెండో చెయ్యి చెంప మీద ఉంది. ఆరేసిన బొమ్మని తెచ్చి పక్కన పెట్టుకుని చూసుకున్నాను. మా ఆయనకి పొద్దున చెబుతాను, ముక్కు మాత్రం నాది కాదని. పెదనాన్న కత్తి కొన్ని మధ్యాహ్నాల్లో చెక్కేసిన ముఖాన్ని, కాలం ఇన్నేళ్ళు తీసుకుని, నా మీద ఇప్పటికి చెక్కటం పూర్తి చేసింది.